‘లెకుక్’ను వంపు అనాలా, గుంట అనాలా?

ప్రశ్న:
జావా నుంచి వచ్చే టేకు కుర్చీల కేటలాగును తెలుగు చేస్తున్నాను. అందులో ‘లెకుక్’ అనే ఇండోనేషియన్ మాట రెండుచోట్ల వచ్చింది. నిఘంటువు చూస్తే గుంట, సొట్ట, వంపు అన్నీ దాని అర్థాలే అంటోంది. వీపు ఆనే పలక దగ్గర అది వంపులాగా, చేతిపిడి మీద వేళ్లు ఇమిడే చోట గుంటలాగా తోస్తోంది. రెండింటికీ ‘వంపు’ అనే రాస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోదండి. లోపలికి దిగడమే ఆ మాటకు అసలు అర్థం. చుట్టూ ఉన్న భాగం కంటే ఒకచోటు లోనికి పోయి, అలా పోవడం వల్ల ఏర్పడిన రూపం కంటికి కనబడితే దాన్ని లెకుక్ అంటారు. ‘లెకుక్ తుబుహ్’ అంటే ఒంటి వంపుసొంపులే అయినా, అక్కడ చూపు ఆగేది నడుము సన్నబడిన చోటే. విల్లులాగా సాగే వంపుకు ‘లెంగ్‌కుంగ్’ అనీ, దారి మలుపుకు ‘కెలోక్’ అనీ వేరే మాటలున్నాయి. పశ్చిమ సుమత్రాలో మనింజావు సరస్సుకు దిగే ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకూ అంకె వేసిన బోర్డు ఉంటుంది. మొత్తం 44 కాబట్టి ఆ దారి పేరే ‘కెలోక్ 44’. జావా క్రిస్ కత్తి అంచున కనిపించే మెలికలకైతే ‘లుక్’ అని మరో పేరుంది, వాటి లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే.

మరో జవాబు:
మాది మలేషియాలో పేరాక్ రాష్ట్రం. నిఘంటువు ‘సొట్ట’ అన్నంత మాత్రాన కారుకు పడిన సొట్టను లెకుక్ అనుకోకండి. దాన్ని ఇక్కడి మలయ్ భాషలో ‘కెమెక్’ అంటాం, ఇండోనేషియాలో ‘పెన్యోక్’ అంటారు. మన సొట్టబుగ్గకు వీళ్లు పెట్టుకున్న పేరు మరీ ముచ్చటైనది: ‘లెసుంగ్ పిపిత్’. లెసుంగ్ అంటే రోలు. మనకు బుగ్గ మీద సొట్ట కనబడితే వీళ్లకు రోలు కనబడింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వీపు పలకకు ‘లోవంపు’, చేతిపిడికి ‘వేళ్ల గాడి’ అని రాశాను. ఒక్క సందేహం మిగిలింది. బల్ల గురించి చెప్పేచోట ‘లెకక్-లెకుక్’ లేదని ఉంది. దీన్ని ‘వంకరటింకర’ అనవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
‘ఎగుడుదిగుడు’ అనండి. జంటమాట కాబట్టి మీకు వంకరటింకర తోచడం సహజమే. అటూ ఇటూ తిరగడాన్ని ‘బొలక్-బలిక్’ అన్నట్టు, అచ్చులు మార్చి మాటను జంట చేయడం ఇండోనేషియన్, మలయ్ భాషలకు అలవాటు. అయితే లెకక్-లెకుక్ చెప్పేది గీత వంకరను కాదు, పైభాగంలో పడిన గుంటలను. ‘ఎగుడుదిగుళ్లు లేని నున్నని బల్ల’ అంటే సరిగ్గా అతుకుతుంది.