మ్యూనిక్ నుంచి అద్దె కారులో, ఇద్దరు పిల్లలతో

ధర్మవరం, ఇప్పుడు మ్యూనిక్:
అందరికీ నమస్కారం. వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే నెల అద్దె కారులో ఆస్ట్రియా మీదుగా స్విట్జర్లాండ్ వెళ్లాలనుకుంటున్నాం. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు. అనంతపురంలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంది. పిల్లల సీట్లు కొనాలా, కారుతోపాటు అద్దెకు తీసుకోవాలా?

ప్రొద్దుటూరు, 18 ఏళ్లుగా స్టుట్‌గార్ట్:
సీట్ల సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఫొటోల సంగతి విను. ఒకసారి రాత్రి తొమ్మిదికి కారు తీసుకున్నాం. వాన, పిల్లల ఆకలి ఏడుపు. చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాను. తిరిగి ఇచ్చేటప్పుడు ఆఫీసు మనిషి మోకాళ్ల మీద కూర్చుని, ముందు బంపర్ కింద వేలితో తడిమి, జానెడు గీత పట్టుకున్నాడు. డిపాజిట్‌లోంచి 680 యూరోలు కోశారు. మూడు ఉత్తరాలు రాస్తే మూడింటికీ ఒకటే జవాబు: సంతకం మీదే కదా! అప్పటి నుంచి చక్రాల అంచులు, పైకప్పు, బంపర్ అడుగు, అన్నీ వీడియో తీస్తాను. మన పెళ్లి కూడా ఇంత శ్రద్ధగా తీయించలేదని మా ఆవిడ దెప్పుతుంది. లైసెన్సుకు దిగులు లేదు, ఏడాది చెల్లుతుంది.

ఆదోని, ఇప్పుడు న్యూరెంబర్గ్:
అన్నా, ఏడాది అన్నది పర్మిట్ గడువు. ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి భారతీయ లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. ధర్మవరం తమ్ముడూ, నీకు మిగిలింది రెండు నెలలే. పర్మిట్ ఒక్కటే చాలదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాలి. సీట్లు కొనుక్కో. మాకు అద్దెకిచ్చిన సీటు మడతల్లో ఎవరి పిల్లల బిస్కెట్లో, గుప్పెడు రాలాయి! జర్మనీలో 12 ఏళ్లు నిండేదాకా లేదా 150 సెంటీమీటర్లు పెరిగేదాకా సీటు తప్పదు. ఆస్ట్రియాలో 14 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్లు. బిగించడం ఇంటి దగ్గరే నేర్చుకో.

ప్రొద్దుటూరు:
మా కాలంలో అందరం ఏడాది నడిపాం తల్లీ.

ఆదోని:
నడిపారంటే పోలీసులు ఆపలేదని అర్థం అన్నా.

కర్నూలు, ఇప్పుడు బాసెల్:
మీ వాదనలో పాపం అతను హైవే స్టిక్కరు మరిచిపోయేలా ఉన్నాడు. స్విట్జర్లాండ్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్ కావాలి. రెండు రోజులకు వచ్చినా ఏడాదికి వచ్చినా అదే ధర. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ కూడా కొనాలి. ఆస్ట్రియాది వేరు, ఒక్క రోజుకూ దొరుకుతుంది. సరిహద్దు దాటుతున్నామని కారు ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి. బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. గుత్తి రోడ్డు మీద లారీకి దారి ఇచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ప్రొద్దుటూరు:
కొండ దిగేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ గుర్తు తెచ్చుకో, చిన్న గేరులో దిగు. బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకు. వెనక సీట్లో రెండు కవర్లు ఉంచు, మలుపులకు పిల్లలు వాంతి చేసుకుంటారు.

ధర్మవరం:
అక్కా, తేదీ చూసుకున్నాను, ఇంకా 51 రోజులున్నాయి. సీట్లు రేపే కొంటాను. అన్నలిద్దరికీ కృతజ్ఞతలు.

ప్రొద్దుటూరు:
బంపర్ కింద కూడా ఫొటో తియ్యి.