ఇంగ్లండ్ నుంచి వచ్చి బెజవాడలో తుంటి మార్పిడి ఆపరేషన్: నెల సరిపోతుందా?

పటమట బుజ్జి:
మా పెద్దమ్మకి 68 ఏళ్లు, లెస్టర్‌లో సెటిలయ్యారు, ఓసీఐ కార్డు ఉంది. కుడి తుంటి పూర్తిగా అరిగిపోయింది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితమే గానీ 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలన్న రూలు కాగితం మీదే ఉంది, ఆవిడ వంతు ఎప్పటికొస్తుందో తెలీదు. "బెజవాడ వచ్చేస్తా, చేయించుకుని నెలలో వెళ్లిపోతా" అంటున్నారు. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఏమేం చూసుకోవాలి?

అరండల్‌పేట ఫిజియో:
నెల చాలదండి. ఆపరేషన్ మాటకొస్తే పెద్ద టెన్షన్ అక్కర్లేదు, అన్నీ బాగుంటే అదే రోజో మర్నాడో వాకర్ పట్టుకుని నడిపిస్తారు, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపేస్తారు, రెండు వారాలకి కుట్లు తీస్తారు. అసలు సమస్య తిరుగు ప్రయాణం. తుంటి మార్పిడి తర్వాత కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొన్ని వారాల పాటు ఉంటుంది, అందుకే దాదాపు నెల రోజులు రక్తం పలచబడే మందు వాడిస్తారు. అలాంటప్పుడు గన్నవరంలో ఎక్కి, మధ్యలో మారి, లండన్ దాకా గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చోవడం మంచిది కాదు. ఆరు వారాల లోపు దూర ప్రయాణం వద్దంటారు, చాలామంది సర్జన్లు మూడు నెలలు ఆగమంటారు. టికెట్ మూడు నెలలకే చూసుకోండి, తేదీ మార్చుకునేలా.

మెట్లు ఎక్కొచ్చు, నేర్పిస్తాం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కానీ ఎత్తు తక్కువ సోఫా, కింద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మొదటి వారాల్లో వద్దు. కమోడ్ మీద ఎత్తు సీటు ముందే బిగించండి. షుగర్ ఉంటే అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకోండి, పుచ్చిపళ్లుంటే అక్కడే చూపించుకుని రమ్మనండి, ఇన్‌ఫెక్షన్ కొత్త కీలుకి పాకితే మళ్లీ కోయాల్సి రావచ్చు. బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చే చుట్టాల్ని కూడా కొన్నాళ్లు ఆపండి, దగ్గుతూ వచ్చి మంచం మీదే కూర్చుంటారు.

బర్మింగ్‌హామ్ కోడలు:
ట్రావెల్ ఇన్సూరెన్స్ మామూలుగా ముందే అనుకుని చేయించుకునే ఆపరేషన్‌కి డబ్బులివ్వదు, దాని వల్ల వచ్చే ఇబ్బందులకీ ఇవ్వకపోవచ్చు, పాలసీ చదవండి. తిరిగొచ్చాక ఎమర్జెన్సీ అయితే ఎన్‌హెచ్‌ఎస్ చూస్తుంది, మామూలు ఫాలోఅప్ ఎవరు చూస్తారో మాత్రం బయల్దేరకముందే జీపీని (అక్కడి ఫ్యామిలీ డాక్టర్ని) అడగమనండి. బయటి దేశం ఆసుపత్రిలో ఉండి వచ్చారని ఇక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎంఆర్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా) పరీక్ష చేయొచ్చు, కంగారు పడొద్దు.

కొత్తపేట రిటైర్డ్:
ప్యాకేజీ అని ఒక అంకె చెప్తారు, అందులో ఏ కంపెనీ ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు), ఏ మెటీరియల్ అన్నది రాయించుకోండి. 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకి పెట్టిన ధరల పరిమితి తుంటికి వర్తించదు, కాబట్టి బేరం ఇక్కడే. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్లు డిశ్చార్జి సమ్మరీకి అతికించి ఇమ్మనండి. 2010లో డిప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ రకం తుంటి ఇంప్లాంట్లు ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు మన దేశంలో చాలామంది పేషెంట్ల ఆచూకీయే దొరకలేదు. పెద్దమ్మగారు వేరే దేశంలో ఉంటారు కదా, ఆ కాగితం ఆవిడ దగ్గరే ఉండాలి.

పటమట బుజ్జి:
థాంక్సండి. మూడు నెలలంటే పెద్దమ్మ గొడవ పెట్టుకుంటారు, అయినా చెప్తాను. ఎండాకాలం వద్దని దసరా తర్వాత రమ్మంటున్నాం. పటమట దగ్గర్లో కింది పోర్షన్ మూడు నెలలకి అద్దెకి ఉంటే చెప్పండి, కమోడ్ ఉండాలి.