రోహిణి అక్షరం, తాత పేరు, ఇంటిపేరు: మూడూ ఎలా కుదురుతాయి?

ప్రశ్న (తిరుపతి): బాబుది రోహిణి రెండో పాదం. మావాళ్ళకు నక్షత్రాక్షరం, ఇంటిపేరు ఉండాలి. చిత్తూరులో అత్తగారిది తమిళ కుటుంబం. పెద్ద మనవడికి తాత పేరు మునిరత్నం పెట్టి, ముందు నాన్న పేరులోని మొదటి అక్షరం వేస్తే చాలంటారు. ఏం చేయమంటారు?

జవాబు: రోహిణికి ఓ, వా, వీ, వూ. రెండో పాదానికి 'వా'. వాసుదేవ మునిరత్నం అనండి, రెండు ఇళ్ళ మాటా నిలుస్తుంది. నామకరణంలో బియ్యం మీద రెండు మూడు పేర్లు రాసినా తప్పులేదు, రికార్డుల్లోకి మాత్రం ఒక్కటే వెళ్ళాలి.

జవాబు: పొడి అక్షరం వద్దే వద్దండీ! పాస్‌పోర్టుకు ఇంటిపేరు, పేరు విడివిడిగా, పూర్తిగా రాయాలి. బర్త్ సర్టిఫికెట్‌లో 'కె.' అని, ఆధార్‌లో పూర్తిగా ఉంటే పిల్లాడికి తర్వాత తిప్పలు. నాన్న పేరుకు ఎలాగూ వేరే గడి ఉంది.

జవాబు: హడావుడి పడొద్దు. 21 రోజుల్లో పుట్టుక నమోదు చేయించండి, పేరు లేకపోయినా నమోదవుతుంది. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆపైన 15 ఏళ్ళ వరకు రుసుముతో. చేరిన పేరు మార్చడమే కష్టం. ఇంగ్లీషు స్పెల్లింగు ముందే కాగితం మీద రాసి, ఇద్దరూ సరిచూసుకుని ఇవ్వండి.