ఆరేళ్లలోపు దివ్యాంగ పిల్లలు: అంగన్‌వాడీలోనా, స్పెషల్ సెంటర్‌లోనా?

రెండు బస్సుల అమ్మ
మా పాపకి రెండున్నరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం). ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వాళ్లు అంగన్‌వాడీకి వచ్చినప్పుడు చూసి, జిల్లా ఆసుపత్రిలో ఉండే డీఈఐసీకి (ఇలాంటి పిల్లలకి పరీక్షలు, థెరపీ చేసే సెంటర్) వెళ్లమని రాసిచ్చారు. అక్కడ థెరపీ అరగంట, ప్రయాణం రోజంతా. ఎత్తుకుని రెండు బస్సులు మారాలి, ఆ రోజు కూలి పోయినట్టే. నా మాట ఒకటే: విడిగా సెంటర్లు వద్దు, థెరపిస్టే అంగన్‌వాడీకి రావాలి. పాప అందరి పిల్లలతో కూర్చుని అక్కడే గుడ్డు తింటుంది, అక్కడే ఎక్సర్‌సైజు చేస్తుంది. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

ఫిజియో, గోదావరి జిల్లా
నేను ఒప్పుకోనండి. ఈ పిల్లలకి ఒక్క ఫిజియోతో పని అయిపోదు. వినికిడి, చూపు, మింగడం, మాట అన్నీ చూడాలి. నిద్రపుచ్చి బేరా అనే వినికిడి పరీక్ష చేయాలంటే అంగన్‌వాడీ గోలలో కుదురుతుందా? థెరపిస్టు ఊరూరా తిరిగితే సగం రోజు బండి మీదే గడిచిపోతుంది.

ఇంకోటి. గుడ్డు అక్కడే తింటుంది అన్నారు. ఇలాంటి పిల్లల్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తినిపించడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. వీపుకి ఆనుడు ఇచ్చి కూర్చోబెట్టాలి, తల వెనక్కి వాలకూడదు, చెంచా ఎదురుగా రావాలి. ఇది పక్కనుండి చేయించి నేర్పాల్సిన పని. ఒక రోజు ట్రైనింగ్‌తో రాదు.

అంగన్‌వాడీ టీచర్‌ని
సార్, మాకు రాదని మేమే చెబుతున్నాం కదా! 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. లక్షణాలు కనిపెట్టాలి, అందరిలో కలపాలి, కుటుంబానికి ధైర్యం చెప్పాలి, ఆశా, ఏఎన్‌ఎం, ఆర్‌బీఎస్‌కే ద్వారా పైకి పంపాలి. బాగానే ఉంది. బరువులు తూచడం, యాప్‌లో ఎక్కించడం, వంట, ఇవన్నీ చూసుకుంటూ ఇది కూడా మేమే. అయినా నేను ఆ అమ్మ వైపే. మా సెంటర్‌లో ఒక బాబు ఎవరి వంకా చూసేవాడు కాదు. పిల్లలు అభినయ గీతం పాడుతుంటే ఇప్పుడు చప్పట్ల దగ్గర తనూ చేతులు కలుపుతాడు. ఒంటరి గదిలో అది ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

హైదరాబాద్ నాన్న
ఊళ్లో సెంటర్ లేదని మీ బాధ. ఇక్కడ సందుకో సెంటర్, ఫీజు చూస్తే టెన్షన్. అసలు మా ఇంట్లో ఏడాది పోయింది 'మగపిల్లలకి మాటలు లేటే' అన్న పెద్దలతోనే. ఎక్కడ చేర్చినా స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ టీచర్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మేం చేర్పించిన మొదటి చోట అడిగితే మాట దాటేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ) కేంద్ర ప్రభుత్వ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ (చిన్న వయసులోనే థెరపీ మొదలుపెట్టే చోటు) ఉంది, దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు అక్కడ చూపించండి.

హక్కుల మనిషి
మీరంతా వాదించుకుంటున్నది లేని డబ్బు గురించి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 31వ సెక్షన్ ఉచిత చదువు హక్కు ఇచ్చేది ఆరేళ్ల నుంచి పద్దెనిమిది వరకే. విద్యాహక్కు చట్టమూ ఆరేళ్లకే మొదలు. మెదడు వేగంగా ఎదిగే వయసులో మాత్రం హక్కు లేదు, హక్కు లేనిచోట డబ్బూ రాదు! 25వ సెక్షన్‌లో పిల్లలందరికీ ఏడాదికోసారి పరీక్షలు, పల్లెల్లో దగ్గర్లోనే ఉచిత వైద్యం (ఆదాయ పరిమితికి లోబడి) అని ఉంది. 'దగ్గర్లోనే' అన్న ఆ మాట పట్టుకుని కలెక్టర్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. సెంటరా, అంగన్‌వాడీనా అన్న గొడవ తర్వాత.

రెండు బస్సుల అమ్మ
అర్జీ పెడతానండి. ఫిజియో గారూ, పరీక్షలకి జిల్లాకి రావాలంటే వస్తాం, కాదనను. కానీ రోజూ చేయించాల్సినవాటికి కూడా అంత దూరం ఎందుకు? మండలానికి వారంలో ఒక రోజైనా రాలేరా?

ఫిజియో, గోదావరి జిల్లా
వారానికో రోజు మండలానికి అంటే ఒప్పుకుంటాను, పోస్టులు నింపితే. సెంటర్ ఎత్తేయమంటే మాత్రం ఒప్పుకోను. ఈలోగా ఒకటి చేయండి: పాప కాళ్లు కత్తెరలా బిగుసుకుంటుంటే చంకనెత్తుకునేటప్పుడు రెండు కాళ్లూ కలిపి పట్టుకోకండి, మీ నడుముకి అటొకటి ఇటొకటి వచ్చేలా ఎత్తుకోండి. తుంటి కీలు ఎలా ఉందో డాక్టర్ చూశారా?