ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటే భద్రత పెరుగుతుందా?

తాళంచెవి:
లినక్స్ డెస్క్‌టాప్‌లో గ్నూపీజీ (ఫైళ్లను, ఈమెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్) వంటివాటిని డిస్ట్రో (డెబియన్ వంటి లినక్స్ పంపిణీ) రిపాజిటరీ నుంచి సిద్ధంగా ఉన్న ప్యాకేజీగా కాక, సోర్స్ (మూల కోడ్) తెచ్చుకుని మన యంత్రంపైనే కంపైల్ చేసుకోవడమే (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవడమే) మేలని నా వాదన. 2006లో డెబియన్‌వారు తమ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజీలో చేసిన చిన్న మార్పు వల్ల, కీల తయారీలో యాదృచ్ఛికతకు ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే సంఖ్య) తప్ప మరే ఆధారమూ మిగలలేదు. ఒకే రకం యంత్రంపై ఒకే నిడివి గల కీలు 32,767కు మించి పుట్టే అవకాశమే లేకపోయింది. 2008 మే దాకా ఆ సంగతి బయటపడలేదు. అసలు ప్రాజెక్టు సోర్స్‌ను నేరుగా కంపైల్ చేసుకున్నవారికి ఆ బెడద లేదు.

మేక్‌ఫైల్:
తాళంచెవి గారి ఉదాహరణ సరైనదే. కానీ 2021 జనవరిలో జరిగినదాన్ని కూడా చూడండి. గ్నూపీజీ ఆధారపడే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ లిబ్‌జీక్రిప్ట్ 1.9.0లో, డేటాను డీక్రిప్ట్ చేసినంతనే, సంతకం సరిచూడకముందే, మెమరీ హద్దు దాటి రాయగల లోపం ఉందని తేలి, పది రోజులకు 1.9.1 విడుదల చేయవలసి వచ్చింది. అప్పటికి 1.8 వరుసలోనే ఉన్న స్థిర (పాత వరుసనే కొనసాగించే) డిస్ట్రోల వినియోగదారులను అది తాకనే లేదు. కొత్తది కదా అని వెంటనే కంపైల్ చేసుకున్నవారికి మాత్రం తాకింది. పైగా కంపైల్ చేశాక మేక్ ఇన్‌స్టాల్ ఆదేశంతో పెట్టుకున్నది ఏపీటీ (డెబియన్ ప్యాకేజీ మేనేజర్) లెక్కలోకి రాదు కనుక, గ్నూపీజీకి కావలసిన లిబ్‌అసువాన్, లిబ్‌కేఎస్‌బీఏ వంటి లైబ్రరీలతో సహా ప్రతి భద్రతా ప్రకటననూ మీరే గమనిస్తూ, మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తూ ఉండాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే: మొదటిసారి కంపైల్ చేయడానికి ఉండే ఉత్సాహం ఆరో నెల దాకా నిలవదు.

తాళంచెవి:
అప్‌డేట్ల బాధ్యత బరువైనదేనని ఒప్పుకుంటాను. అయినా 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) దొంగదారిని, అంటే అందులో రహస్యంగా చొప్పించిన హానికర కోడ్‌ను, మరువకండి. అందులోని స్క్రిప్టు డిస్ట్రోలు వాడే డెబ్ లేదా ఆర్పీఎం రూపంలో ప్యాకేజీ తయారవుతున్నప్పుడే పనిచేసేలా రాసి ఉంది. సొంతంగా కంపైల్ చేసుకున్నవారు తప్పించుకున్నారు.

మేక్‌ఫైల్:
తప్పించుకున్నది దాడి చేసినవాడి ఎంపిక వల్లనే తప్ప, సోర్స్ చదివినందువల్ల కాదండి. ఆ స్క్రిప్టును మేల్కొలిపే భాగం అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలో (కోడ్ మార్పులు నమోదయ్యే చోట) లేదు, విడుదల టార్‌బాల్‌లోనే (సోర్స్‌ను మూటగట్టిన ఫైల్‌లోనే) ఉంది; మనలో చాలామంది దించుకునేదీ ఆ టార్‌బాల్‌నే. ఇంకొక మాట. గ్నూపీజీ టార్‌బాల్‌పై ఉన్న సంతకాన్ని మీరు దేనితో సరిచూస్తారు? డిస్ట్రో ఇచ్చిన పాత గ్నూపీజీతోనే కదా! కంపైలరూ వారిదే. వారిని నమ్మనని చెబుతూనే వారి పనిముట్లతోనే ఇల్లు కట్టుకుంటున్నాం.

పెంగ్విన్:
ఇద్దరి వాదనల్లోనూ పట్టించుకోని ఒక దారి ఉంది. ఏపీటీ సోర్స్ ఆదేశంతో డిస్ట్రో సోర్స్ ప్యాకేజీని తెచ్చి, వారు చేసిన మార్పులను విడిగా చదివి, డీపీకేజీ బిల్డ్‌ప్యాకేజీ ఆదేశంతో మీ యంత్రంపైనే డెబ్ ప్యాకేజీ తయారుచేసుకోవచ్చు. 2006 నాటి మార్పు వంటిది ఆ ప్యాచ్‌ల్లో (డిస్ట్రో చేర్చిన మార్పుల ఫైళ్లలో) కంటికి కనబడుతుంది, ప్యాకేజీ మేనేజర్ లెక్కా చెదరదు. నేరుగా కంపైల్ చేసి తీరాలనుకుంటే మాత్రం, హోమ్ డైరెక్టరీలో వేరే ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ చేసే చోటు) ఇచ్చి పెట్టుకోండి, పాత జీపీజీ ఏజెంట్‌ను (కీలను చూసుకునే నేపథ్య ప్రోగ్రామ్‌ను) ఆపాకనే కొత్తది నడపండి. లేకపోతే ఏజెంట్ పాతదనే హెచ్చరిక ప్రతిసారీ వస్తూనే ఉంటుంది.