హారంలో ఎక్స్ ఉంటే అవకలజం ఎలా?

ప్రశ్న: ఇంటర్ మొదటి ఏడాది, మ్యాథ్స్ 1బి. 5/(2ఎక్స్³)కి అవకలజం (డెరివేటివ్) కనుక్కోవడానికి హారాన్ని అవకలనం చేసి 5/(6ఎక్స్²) అని రాశాను. పుస్తకంలో −15/(2ఎక్స్⁴) ఉంది. ఇంకోటి, √ఎక్స్‌ని నిర్వచనం నుంచి చేస్తుంటే 0/0 వచ్చి ఆగిపోతోంది.

జవాబు 1: లవం, హారం విడివిడిగా అవకలనం చేసి మళ్లీ భాగించే నియమం ఎక్కడా లేదండీ. ముందు ఎక్స్‌ని పైకి తీసుకెళ్లండి: (5/2)·ఎక్స్^(−3). 2 గుణకం, అది కిందే ఉంటుంది. చాలామంది దాన్ని కూడా పైకి లాగేస్తారు. ఇప్పుడు ఘాతం −3 ముందుకొస్తుంది: (5/2)×(−3) = −15/2. ఘాతంలోంచి 1 తీసేస్తే −4. మైనస్ చూడకుండా 3లోంచి 1 తీసేసి −2 అని రాయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

సరిచూడాలంటే ఎక్స్ = 1 పెట్టండి. ప్రమేయం విలువ 2.5, 1.01 దగ్గర దాదాపు 2.4265. తేడాని 0.01తో భాగిస్తే సుమారు −7.35, అసలు జవాబు −7.5కి దగ్గరే. మీది +0.83. విలువ తగ్గుతుంటే వాలు, అంటే అవకలజం, ధనాత్మకం ఎలా అవుతుంది?

జవాబు 2: √ఎక్స్ సంగతి: హెచ్ (ఎక్స్‌లో చిన్న మార్పు) కొట్టేయకముందే హెచ్ = 0 పెడుతున్నారు, అందుకే 0/0. [√(ఎక్స్+హెచ్) − √ఎక్స్]/హెచ్‌ని పైనా కిందా √(ఎక్స్+హెచ్) + √ఎక్స్‌తో గుణించండి. లవం (ఎక్స్+హెచ్) − ఎక్స్, అంటే హెచ్ ఒక్కటే మిగులుతుంది. కింది హెచ్‌తో కొట్టేశాక అవధి (లిమిట్, హెచ్ 0కి చేరేటప్పుడు) తీసుకుంటే 1/(2√ఎక్స్). అవధి తీసుకునేదాకా ప్రతి లైన్లో అవధి గుర్తు ఉండాలి. ఎక్స్ > 0 అని కూడా రాయండి. 0 దగ్గర ప్రమేయం ఉంది కానీ అవకలజం లేదు.

ప్రశ్న అడిగినవారు: రెండూ వచ్చాయి, థాంక్స్. మరి 2^ఎక్స్‌కి ఎక్స్·2^(ఎక్స్−1) అనొచ్చా?

జవాబు 1: కుదరదు. ఘాత నియమం ఆధారంలో చలరాశి, ఘాతంలో స్థిరాంకం ఉన్నప్పుడే. ఇక్కడ తిరగబడింది, కాబట్టి 2^ఎక్స్·లాగ్ 2 (ఆధారం ‘e’ అనే సంఖ్య). ఎక్స్ = 0 దగ్గర మీ సూత్రం 0 ఇస్తుంది, అసలు వాలు సుమారు 0.693.