గుండెజబ్బు ఉన్న పెద్దవయసు ఆడవారికి కొలెస్ట్రాల్ లక్ష్యం వేరుగా ఉండాలా?

తుంగభద్ర:
మా అమ్మకు 72 ఏళ్లు, నాన్నకు 76. ఇద్దరికీ స్టెంట్లు వేశారు, ఇద్దరూ కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు వాడుతున్నారు. మొన్నటి పరీక్షలో నాన్నకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 66, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 37 ఉంటే, అమ్మకు ఎల్‌డీఎల్ 104, హెచ్‌డీఎల్ 59 వచ్చాయి. డాక్టరుగారు అమ్మకు మోతాదు 40కి పెంచారు. ఆడవారికి మంచి కొలెస్ట్రాల్ ఎక్కువ కాబట్టి అంత మందు అక్కర్లేదని మా పెద్దమ్మ గట్టిగా అంటున్నారు. ఇద్దరికీ ఒకే కొలమానం పెట్టడం సబబేనా?

పాలపిట్ట:
మీ పెద్దమ్మగారి మాటను తేలిగ్గా తీసేయలేం. 2002లో వెలువడిన ప్రాస్పర్ అధ్యయనంలో 70 నుంచి 82 ఏళ్లవారు 5,804 మంది పాల్గొన్నారు, వారిలో సగానికి పైగా ఆడవారే. అటోర్వాస్టాటిన్ లాంటిదే అయిన మరో స్టాటిన్ మందు ప్రావాస్టాటిన్ వల్ల మగవారికి కలిగిన మేలు స్పష్టంగా కనిపించింది, ఆడవారి విషయంలో అలా తేలలేదు. పైగా స్టాటిన్‌తో వచ్చే కండరాల నొప్పులు ఆడవారిలో, అందులోనూ బక్కపలచగా ఉన్న వృద్ధులలో, ఎక్కువగా కనిపిస్తాయి. నొప్పుల వల్ల రోజూ నడిచే మనిషి మంచాన పడితే ఆ నష్టాన్ని ఏ లెక్కలో వేస్తాం?

మేడిచెట్టు:
పాలపిట్ట గారూ, ప్రాస్పర్‌లో పాల్గొన్నవారిలో సగానికి పైగా అప్పటికి రక్తనాళాల జబ్బు లేనివారని గమనించాలి. ముందే జబ్బు ఉన్నవారిలో మందు మేలు స్పష్టంగానే కనిపించింది, తుంగభద్ర గారి అమ్మగారు ఆ కోవలోకే వస్తారు. ఆ తర్వాత 2015లో 27 అధ్యయనాలలోని సుమారు 1,74,000 మంది వివరాలను ఒకచోట చేర్చి చూశారు. వారిలో 46,675 మంది ఆడవారు. ఎల్‌డీఎల్ దాదాపు 39 పాయింట్లు తగ్గినప్పుడు గుండెపోటు, పక్షవాతం వంటివి మగవారిలో 22 శాతం, ఆడవారిలో 16 శాతం తగ్గాయి. ఇతర తేడాలను సరిచేసి చూస్తే ఆ అంతరం కూడా నిలవలేదు.

ఇక అమ్మగారి అంకెలు నాన్నగారి కంటే ఎందుకు ఎక్కువంటే, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్నంతకాలం కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను చురుగ్గా లాగేసుకుంటుంది, ముట్లుడిగాక ఆ పని మందగిస్తుంది. అందుకే యాభై దాటాక ఆడవారి ఎల్‌డీఎల్ తమ వయసు మగవారిని మించిపోతుంది. హెచ్‌డీఎల్ మాత్రం వారిలో జీవితమంతా ఎక్కువగానే ఉంటుంది, కానీ రక్తనాళంలో పూడిక ఏర్పడి స్టెంట్ పడిందంటే ఆ 59 ఆమెను కాపాడలేకపోయిందనే కదా అర్థం! 1998 నాటి హెర్స్ అధ్యయనంలో గుండెజబ్బు ఉన్న 2,763 మంది స్త్రీలలో హార్మోన్ మాత్రల వల్ల హెచ్‌డీఎల్ పెరిగింది, ఎల్‌డీఎల్ తగ్గింది, అయినా గుండెపోట్లు తగ్గలేదు. మంచి కొలెస్ట్రాల్ పెరిగితే చాలన్న నమ్మకాన్ని నేను వదులుకున్నది అక్కడే.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాలు అతి ఎక్కువ ముప్పు ఉన్నవారికి ఎల్‌డీఎల్ 55 కంటే తక్కువ ఉండాలంటున్నాయి. ఆ లెక్కన నాన్నగారి 66 కూడా ఎక్కువే. దాని గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

పాలపిట్ట:
అమ్మగారికి జబ్బు ఉందన్న సంగతికి నేను తగినంత బరువివ్వలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ లక్ష్యం ఒకటే అయినంత మాత్రాన దారి ఒకటే కానక్కర్లేదు. నొప్పులు వస్తే మోతాదు తగ్గించి, కొలెస్ట్రాల్ తగ్గించే మరో రకం మందు ఎజెటిమైబ్ జోడించవచ్చు. ముందు థైరాయిడ్ చూడాలి, ఎందుకంటే హైపోథైరాయిడ్ (థైరాయిడ్ మందకొడిగా పనిచేయడం) ఆడవారిలోనే ఎక్కువ, అది ఎల్‌డీఎల్‌నూ పెంచుతుంది, స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది.

మేడిచెట్టు:
ఇందులో మీతో నాకు పేచీ లేదు. ఆడవారికి నొప్పి అనగానే మాత్ర ఆపేయించి, బదులుగా ఏమీ ఇవ్వకుండా వదిలేయడం మీదే నా కోపమంతా.

తుంగభద్ర:
అమ్మకు థైరాయిడ్ పరీక్ష చేయించి మూడేళ్లు దాటింది. సోమవారం ఇద్దరినీ తీసుకెళ్తున్నాను, పెద్దమ్మను కూడా వెంట రమ్మన్నాను.